పూరీ నుంచి శ్రీకూర్మానికి ఒక్క రాత్రిలో: రామానుజుల కథను ఒడియా శ్రోతల ముందు ఎలా చెప్పాలి?

అడిగినవారు: బరంపురం పాఠకుడు (గంజాం జిల్లా, ఒడిశా)

సభ్యులందరికీ నమస్కారం. మా పేటలోని రామమందిరంలో రామానుజుల తిరునక్షత్రానికి (జన్మ నక్షత్ర దినానికి) ముందు కొన్ని సాయంత్రాలు ఆచార్యుల చరిత్రను కాలక్షేపంగా చెప్పించుకోవడం ఆనవాయితీ. చెప్పేది తెలుగులోనే అయినా, వినడానికి ఇరుగుపొరుగు ఒడియా కుటుంబాలవారు కూడా వస్తారు. వారిలో పెద్దవారికి తెలుగు బాగా అర్థమవుతుంది. ఇన్నేళ్లుగా ఏ ఇబ్బందీ రాలేదు గాని, గత ఏడాది ఒక ఘట్టం దగ్గర మాటా మాటా పెరిగింది.

ఆ ఘట్టం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అనంతాచార్యులు సంస్కృతంలో రచించిన ప్రపన్నామృతం చెప్పిన ప్రకారం, రామానుజులు పురుషోత్తమ క్షేత్రానికి, అంటే పూరీకి, వెళ్లి అక్కడి పూజా విధానాన్ని పాంచరాత్ర ఆగమానికి (ఒక వైష్ణవ ఆలయ పూజా శాస్త్రానికి) అనుగుణంగా మార్చాలని సంకల్పించారు. సేవకులు ఒప్పుకోలేదు. వారు జగన్నాథుణ్ణే శరణు వేడగా, తన సేవకుల పద్ధతి తనకు ఇష్టమేనని స్వామి తెలిపాడు. అయినా ఆచార్యులు పట్టు విడవకపోవడంతో, ఆయన నిద్రలో ఉండగా ఒక్క రాత్రిలో శ్రీకాకుళం దగ్గర, విష్ణువు కూర్మరూపంలో వెలసిన శ్రీకూర్మానికి చేర్పించాడు. కొందరు ఈ పని గరుత్మంతుడు చేశాడని చెబుతారు. తెల్లవారి లేచిన ఆచార్యులు, అక్కడి కూర్మాకృతి లింగంలా కనబడడంతో అది శివాలయమనుకుని ఉపవాసం ఉన్నారు. ఆ తరువాత స్వామి తన స్వరూపం తెలియజేయగా సేవించుకున్నారు.

ఇది విన్న ఒక ఒడియా పెద్దాయన, ‘మా ఠాకూరు వద్దన్న పనిని మీరు మహిమగా చెప్పుకుంటున్నారేమిటి?’ అని కొంచెం కటువుగానే అడిగారు. అప్పుడే ఒక కళాశాల విద్యార్థి లేచి, ఇది నిజంగా జరిగిందా అని ప్రశ్నించాడు. మా కమిటీలో కొందరు ఈ ఏడు ఆ ఘట్టాన్ని వదిలేద్దామంటున్నారు. వదిలేయడం నాకు నచ్చడం లేదు, అలాగని ఎలా చెప్పాలో కూడా తోచడం లేదు. ఇటువంటి పవిత్ర చరిత్రలను చదివినవారు, వ్యాఖ్యానించినవారు తమ ఆలోచన తెలియజేయగలరు.

సమాధానం 1: పర్లాకిమిడి (గజపతి జిల్లా, ఒడిశా)

అయ్యా, ఆ ఘట్టాన్ని దయచేసి వదిలేయకండి. నా దృష్టిలో రామానుజుల చరిత్ర మొత్తంలో అత్యంత నిజాయతీ గల ఘట్టం అదే.

విద్యార్థి అడిగిన ప్రశ్నకు, అంటే జరిగిందా లేదా అన్నదానికి, నేరుగా సమాధానం చెప్పబోతే మనం ఎక్కడికీ చేరము. రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరాన్ని ఒక మనిషి నిద్రలో దాటాడనడానికి ఏ శాసనమూ సాక్ష్యం పలకదు, పలకబోదు కూడా. దానికి బదులుగా, ఈ కథ చెప్పినవాడు ఏ విషయాన్ని తిన్నగా చెప్పలేని స్థితిలో ఉండి ఇలా చెప్పాడు అని అడిగితే, ఒక పెద్ద చారిత్రక సత్యం దానంతట అదే బయటపడుతుంది. పూరీలో పాంచరాత్రం నెలకొనలేదు. అక్కడి సేవకుల ఆచారమే నిలిచింది. ఆచార్యుడు వెళ్లాడు, ప్రయత్నించాడు, నెగ్గలేదు. తన ఆచార్యుణ్ణి ఆదిశేషుని అవతారంగా నమ్మే శిష్య పరంపరలోని రచయిత ‘మా గురువు పండాల (పూరీ అర్చకుల) చేతిలో ఓడిపోయాడు’ అని రాయలేడు. అలాగని ఆ యాత్రే జరగలేదని దాచిపెట్టనూ లేదు. ఓడించినవాడు సాక్షాత్తూ భగవంతుడే అని రాశాడు.

ఇది నా ఊహ మాత్రమే అనుకునేవారికి ఒక జోడు కథ చెబుతాను. ఇదే సంప్రదాయంలో, రామానుజులు తిరువనంతపురం వెళ్లి అనంత పద్మనాభుని ఆలయంలో కూడా పూజా విధానాన్ని మార్చబోయారని, అక్కడి అర్చకుల మొర విని స్వామి ఆయనను రాత్రికి రాత్రే తిరుక్కురుంగుడికి చేర్పించాడని చెబుతారు. అక్కడ మేలుకున్న ఆచార్యులకు శిష్యులెవరూ కనబడకపోగా, ఆ క్షేత్రంలోని నంబి పెరుమాళ్లే వడుగ నంబి అనే శిష్యుని రూపంలో వచ్చి పరిచర్య చేశాడట. ఆ వడుగ నంబి పేరులోని ‘వడుగ’ అంటే తమిళంలో తెలుగువాడనే అర్థం, సంస్కృతంలో ఆయనను ఆంధ్రపూర్ణుడంటారు. ఒకే జీవిత చరిత్రలో, దేశానికి రెండు కొసల్లో, ఒకే అద్భుతం రెండుసార్లు జరిగింది. రెండు చోట్లా స్థానిక అర్చకుల పద్ధతే నేటికీ నిలిచి ఉంది.

దీనికి ఎదురుగా శ్రీరంగాన్ని పెట్టి చూడండి. అక్కడ వైఖానసం (మరో వైష్ణవ ఆగమం) స్థానంలో పాంచరాత్రాన్ని ప్రవేశపెట్టి, ఆలయంలో ఎవరి కైంకర్యం ఏమిటో రామానుజులు ఏర్పాటు చేసిన తీరును ఆ ఆలయ చరిత్ర గ్రంథమైన కోయిల్ ఒళుగు ఎంతో వివరంగా చెబుతుంది. అక్కడ ఎవరూ ఎవరినీ నిద్రలో మోసుకుపోలేదు. తిరుమలలో వైఖానసాన్ని ఆయన కదపలేదు, అక్కడ కూడా ఇటువంటి కథ పుట్టలేదు. సంకల్పం నెరవేరిన చోట చరిత్రకారుడు లెక్కలు రాసే గుమాస్తాలా నిదానంగా రాశాడు. సంకల్పించి నెరవేరని చోట మాత్రమే గరుత్మంతుణ్ణి పిలిచాడు. పవిత్ర చరిత్రలలో అద్భుతాలు ఎక్కడపడితే అక్కడ చల్లినవి కావని, వాటికి చోటూ సందర్భమూ ఉంటాయని గ్రహించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

ఇక ఒడియా పెద్దాయన మాట. ఆయన అన్నది తప్పు కాదు. ఆయన విన్నది కూడా ఇదే కథ, అయితే ఆయన దాన్ని జగన్నాథుని వైపు నుంచి విన్నారు. తన సేవకుల ప్రేమపూర్వకమైన ఆచారాన్ని శాస్త్రం పేరిట ఎంత గొప్పవాడు మార్చబోయినా ఒప్పుకోని దేవుని కథ అది. ఈ రెండు అర్థాలూ ఒకే కథలో ఇముడుతాయి కనుకనే ఇది ఇన్ని శతాబ్దాలు ఇరువైపులా బతికింది.

మరొక్క మాట. రామానుజుల కాలంగా సంప్రదాయం చెప్పే 1017–1137 మధ్యలోనే అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో కళింగ సింహాసనం ఎక్కాడు. ఆయన మొదటి రాజధాని కళింగనగరం మా పర్లాకిమిడికి కూతవేటు దూరంలోని ముఖలింగమే. పూరీలోని ఇప్పటి మహాలయాన్ని మొదలుపెట్టినవాడూ ఆయనే. మొదట తనను పరమ మాహేశ్వరుడని చెప్పుకున్న ఈ రాజు తరువాతి శాసనాల్లో పరమ వైష్ణవుడయ్యాడు. శివుడా విష్ణువా అన్న సందిగ్ధం సాక్షాత్తూ రాజు బిరుదులలోనే ఉన్న రోజుల్లో, శ్రీకూర్మంలో మూర్తిని చూసి ఆచార్యుడంతటివాడు శివలింగమని భ్రమించాడనడం యాదృచ్ఛికమని నేను అనుకోను. ఇది నా అభిప్రాయమే, శాసన ప్రమాణం కాదు.

సమాధానం 2: రాయగడ (ఒడిశా)

పర్లాకిమిడి వారి విశ్లేషణ ఆసక్తికరంగా ఉంది గాని, అందులోని ఒక మాటకు నా అభ్యంతరం నమోదు చేయదలచాను. మాది తరతరాలుగా ఆళ్వార్ల పాశురాలు చదువుకునే ఇల్లు. ఈ ఘట్టాన్ని ఓటమికి వేసిన ముసుగుగా చూడడం బయటివారి చూపు. సంప్రదాయం లోపల దీనికి వేరే పేరుంది. దాన్ని పారతంత్ర్యం అంటారు.

జీవుడు తనకు తాను స్వతంత్రుడు కాడు, స్వామి ఎక్కడ ఉంచితే అక్కడ ఉండవలసినవాడు అన్నది శ్రీవైష్ణవ సిద్ధాంతానికి ఆయువుపట్టు. దీన్ని ఆచార్యుడు ఉపన్యాసాలలో ఎన్నిసార్లయినా చెప్పవచ్చు. అయితే చరిత్రకారుడు దాన్ని ఆచార్యుని శరీరం మీదనే చూపించాడు. నిద్రపోతున్న మనిషికి ఇష్టానిష్టాలు లేవు, అడుగు వేయడం లేదు, దారి తెలియదు. ఎత్తుకెళ్లి దింపిన చోట కళ్లు తెరుస్తాడు. పైగా ఆ సమయంలో ఆయన సంకల్పం చెడ్డదేమీ కాదు, భగవంతుని ఆరాధన శాస్త్రోక్తంగా జరగాలన్న మంచి సంకల్పమే. మంచి సంకల్పమైనా సరే, అది ‘నాది’ అయినప్పుడు స్వామి దాన్ని పక్కన పెడతాడు అని చెప్పడానికి సాధారణ భక్తుని కథ చాలదు, రామానుజులంతటి వారే కావాలి.

ఆయన కోపగించుకున్నారని గాని, మళ్లీ పూరీకి బయలుదేరి పంతం నెగ్గించుకున్నారని గాని కథలో లేదు. స్వామి చేర్చిన చోట స్వామిని సేవించుకున్నారు. మా ఇంట్లో పెద్దలు ఈ ఘట్టాన్ని చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవారు కాదు, సిగ్గుపడేవారూ కాదు. కాబట్టి బరంపురం వారు దీన్ని ఒడియా వారి ముందు సమర్థించుకోవలసిన విషయంగా కాక, ఆచార్యుని వినయానికి నిదర్శనంగా చెబితే సరిపోతుంది. అప్పుడు ఆ పెద్దాయనకు జగన్నాథుని మాటే పైమాట అయిందన్న తృప్తి ఉంటుంది, మనకు ఆచార్య వైభవమూ తగ్గదు.

సమాధానం 3: ధర్మాబాద్ (నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర)

నేను ఉన్నది మరొక సరిహద్దులో. మాకు జగన్నాథుడు దూరం, విఠోబా దగ్గర. అయినా ఈ చర్చకు పనికివచ్చే ఒక కథ మా వైపు ఉంది.

నాందేడ్‌కు పొరుగున ఉన్న హింగోలీ జిల్లాలో ఔంఢా నాగనాథ్ ఆలయం ఉంది. విఠోబా భక్తకవి నామదేవుడు అక్కడ కీర్తన చేస్తుంటే, కులం తక్కువవాడని పూజారులు ఆయనను ఆలయం వెనక్కి వెళ్లగొట్టారని, వెనక కూర్చుని పాడుతున్న భక్తుని వైపు గుడే తిరిగిందని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. చాలా పవిత్ర చరిత్రల్లాగే ఇది కూడా తరువాతి వారు అల్లినదేనని మొదట అనిపిస్తుంది. అయితే నాందేడ్‌లోనే తఖ్త్ హజూర్ సాహిబ్ ఉంది గనుక మా ప్రాంతం వారికి సిక్కుల పవిత్ర గ్రంథమైన గురు గ్రంథ్ సాహిబ్ పరాయిది కాదు. 1604లో సంకలనమైన ఆ గ్రంథంలో నామదేవుని పేరిట 61 పదాలున్నాయి. వాటిలో ఒక పదంలో ఈ కథను నామదేవుడే తన నోట చెబుతాడు. నవ్వుతూ ఆడుతూ నీ గుడికి వచ్చాను, భక్తి చేస్తుంటే నన్ను పట్టుకుని లేపేశారు, అద్దకపువాడి ఇంట ఎందుకు పుట్టాను అని బాధపడి, కంబళి తీసుకుని గుడి వెనక కూర్చున్నాడు. అతడు హరి గుణాలు పాడినకొద్దీ గుడి భక్తుల వైపు తిరిగింది. ఆ పదంలో ఊరి పేరు లేదు. ఔంఢా అన్న గుర్తింపు సంప్రదాయం ఇచ్చినది.

దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, పర్లాకిమిడి వారి సూత్రం ఇక్కడ తలకిందులవుతోంది. అక్కడ గెలవలేని ఆచార్యుణ్ణి దేవుడు కదిలించాడు. ఇక్కడ గెంటివేతకు గురైన భక్తుని కోసం దేవుడే కదిలాడు. అర్చకులు ఆచారం పేరిట అడ్డుపడడం రెండింటిలోనూ ఉంది. ఒకచోట కథ అర్చకుల పక్షాన, మరొకచోట బయట నిలబెట్టిన వాని పక్షాన తీర్పు చెప్పింది. ఉడుపిలో కనకదాసు కోసం కృష్ణుడు పడమటికి తిరిగాడన్న కథ కూడా ఈ రెండో కోవలోదే. శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉండడానికి, పడమటి వైపున తపస్సు చేసిన ఒక భిల్ల భక్తుణ్ణి కారణంగా చెబుతారని విన్నాను. అక్కడ రెండు ధ్వజస్తంభాలు ఉండడం నేను స్వయంగా చూశాను. అంటే ఆ ఒక్క క్షేత్రంలోనే, భక్తుని కోసం తిరిగిన దేవుడూ ఉన్నాడు, మరో దేవుడు పంపగా వచ్చిన ఆచార్యుడూ ఉన్నాడు. ఈ రెండు కథలనూ పక్కపక్కన చెప్పగలిగితే మీ శ్రోతలకు మంచి విందు అవుతుంది.

సమాధానం 4: పర్లాకిమిడి (మొదటి సమాధానం రాసినవారు)

రాయగడ వారి అభ్యంతరాన్ని సగం అంగీకరిస్తున్నాను. పారతంత్ర్యం సంగతి వారు చెప్పినంత చక్కగా నేను చెప్పలేను, వ్యాసపీఠం మీద నుంచి చెప్పవలసింది కూడా అదే. అయితే సిద్ధాంతం చెప్పడానికి రచయితకు ఆచార్యుని జీవితంలో వంద సందర్భాలు ఉండగా, సరిగ్గా పూరీ, తిరువనంతపురాలనే ఎందుకు ఎంచుకున్నాడు అన్న ప్రశ్న అలాగే నిలిచి ఉంది. లోపలి అర్థం ఉన్నంత మాత్రాన బయటి కారణం లేకుండా పోదు.

ధర్మాబాద్ వారి మాట నన్ను శ్రీకూర్మం వైపే మళ్లీ లాగింది. రామానుజుల కథలో మజిలీ అయిన ఆ ఊరు మరో ఇద్దరి చరిత్రలలోనూ వస్తుంది.

మొదటివారు మధ్వాచార్యుల శిష్యులైన నరహరితీర్థులు. గజపతుల ఖజానాలో ఉన్న మూలరామ విగ్రహాలను గురువు కోసం సంపాదించడానికే ఆయన కళింగంలో రాజ్యభారం వహించారని మాధ్వ సంప్రదాయం చెబుతుంది. శ్రీకూర్మంలో ఆయన వేయించిన 1281 నాటి శాసనం ఉంది. అందులో గురువైన ఆనందతీర్థుల (మధ్వాచార్యుల) ప్రశంస ఉంది, నరహరితీర్థులు కళింగాన్ని పాలించిన సంగతి ఉంది, యోగానంద నరసింహుని ప్రతిష్ఠ ఉంది. సన్న్యాసి చేతికి అధికారం వచ్చిందన్న అసాధారణమైన విషయంలో శాసనమూ చరిత్రా ఏకీభవిస్తున్నాయి. ఆ అధికారం ఎందుకు స్వీకరించాడు అన్నదే చరిత్రకారుడు చెప్పవలసి వచ్చింది. సన్న్యాసి రాజ్యం చేయడం శిష్యులకు మింగుడుపడని విషయం. అందుకే దాని వెనక రాముని విగ్రహాలు నిలిచాయి.

రెండవవారు బెంగాల్ కృష్ణభక్తి ఉద్యమానికి మూలపురుషులైన చైతన్యులు. 1510లో దక్షిణ యాత్రకు బయలుదేరినప్పుడు ఆయన ఈ దారినే, అంటే మన గంజాం మీదుగానే, శ్రీకూర్మం వచ్చారు. కృష్ణదాస కవిరాజు చైతన్య చరితామృతంలో ఆ మజిలీని ఎంతో ప్రేమగా రాశాడు. ఆతిథ్యమిచ్చిన కూర్ముడనే బ్రాహ్మణుడు తానూ వెంట వస్తానంటే, వద్దు, ఇంట్లోనే ఉండి కనబడిన వారికల్లా కృష్ణుని గురించి చెప్పు అన్నారట. కుష్ఠురోగి వాసుదేవుడు తన పుండ్ల నుంచి రాలిన పురుగులను తిరిగి పుండ్లలోనే పెట్టేవాడని, చైతన్యులు వెళ్లిపోయారని తెలిసి అతడు విలపిస్తే ఆయన వెనక్కి వచ్చి కౌగిలించుకోగా రోగం పోయిందని రాశాడు. ఇది బృందావనంలో కూర్చుని, చైతన్యులు గతించిన కొన్ని దశాబ్దాల తరువాత, వృద్ధాప్యంలో ఒక కవి రాసినది. ఇంత వివరంగా రాసిన ఆ కవి, చైతన్యుల అంత్యకాలం దగ్గరకు వచ్చేసరికి మాత్రం మౌనం వహించాడు. జయానందుడు తన చైతన్యమంగళంలో రథయాత్రలో నాట్యం చేస్తుండగా కాలికి గాయమై దేహం చాలించారని రాశాడు. అదే పేరుతో గ్రంథం రాసిన లోచనదాసు జగన్నాథునిలో లీనమయ్యారని రాశాడు. ఒకే మహాపురుషుని ఆరాధించిన ముగ్గురిలో ఒకరు గాయం రాశారు, ఒకరు ఐక్యం రాశారు, ఒకరు ఏమీ రాయలేదు. మీ విద్యార్థికి నేనైతే ఈ మూడింటినీ చూపిస్తాను. భక్తి చరిత్రలన్నీ ఒకే అచ్చులో పోసినవని అతడు అనుకుంటూ ఉంటే ఆ అపోహ పోతుంది.

అన్నట్టు, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు, శ్రీకూర్మం అటు అయ్యాయి గాని, ఈ కథల్లో ఎక్కడా ఆ గీత లేదు. ఒడియా వారి దేవుడు, తెలుగు వారి ఆచార్యుడు అని విడదీసి మాట్లాడడం మనం తరువాత నేర్చుకున్న అలవాటు. ఆచార్యుల పుట్టుక శ్రీపెరుంబుదూరులో అని కూడా ఆ వాదనలో ఎవరికీ గుర్తుండదు.

అడిగినవారు: బరంపురం పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలను మా కమిటీ ముందు చదివి వినిపించాను. ఘట్టాన్ని వదిలేయకూడదని నిశ్చయమైంది. రాయగడ వారు చెప్పిన పారతంత్ర్యాన్ని ఆధారం చేసుకుని ప్రధాన కథ చెప్పిస్తాము. తిరుక్కురుంగుడి కథను దానికి ముందు సాయంత్రమే చెబితే, పూరీ ఘట్టం వచ్చేసరికి శ్రోతలు తమంతట తామే పోలిక పట్టుకుంటారని మా కాలక్షేపం పండితులు అన్నారు. అది నాకు చాలా నచ్చింది.

ఒడియా పెద్దాయనను కూడా కలిశాను. ఆయన మొదట బిగుసుకున్నా, జగన్నాథుని పక్షాన ఈ కథను ఆయనే ఒడియాలో చెప్పాలని అడిగేసరికి మెత్తబడ్డారు. ఆచార్యులను తక్కువ చేసి మాట్లాడనని, అయితే సేవకుల మాటను స్వామి నిలబెట్టిన భాగాన్ని మాత్రం తగ్గించి చెప్పనని ముందే షరతు పెట్టారు. మేము ఒప్పుకున్నాము. విద్యార్థి మాత్రం జయానందుని గాయం సంగతి వినగానే, మిగిలిన ఇద్దరూ ఆ మాట తెలిసే దాచారా, అసలు తెలియకనే రాయలేదా అని కొత్త ప్రశ్న వేశాడు. పర్లాకిమిడి వారు వీలు చూసుకుని దానికి కూడా సమాధానం రాయగలరని మనవి.